పెరట్లో మనకో అరుగు

పాతకాలపు ఇళ్ళల్లో కూచునే చోట్లు రెండుండేవి. వీధివైపు అరుగు మగవాళ్ళది. పెరట్లో నూతిగట్టు పక్కనో, వంటింటి మెట్ల మీదో ఆడవాళ్ళు. బియ్యంలో రాళ్ళేరడం, పూలు కట్టడం, జడలు వేయడం, మంచీ చెడ్డా చెప్పుకోవడం అన్నీ అక్కడే. ఇప్పటి ఇళ్ళల్లో హాలుంది, సోఫా ఉంది, టీవీ ఉంది. పని తెమిలాక ఆరుబయట ఓ పది నిమిషాలు కూచుందామంటే మాత్రం చోటు లేదు. ఉన్న కాస్త ఖాళీలోనూ విరిగిన కుర్చీలు, చిల్లు బకెట్లు, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన టైల్సు!

తెనాలిలో మా ఇంటి వెనకా ఇదే వరస. మాది పడమటి ముఖం ఇల్లు. వంటింటి తలుపు తీస్తే తూర్పున ప్రహరీ దాకా 8 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు జాగా. మూడేళ్ళక్రితం మావారు అక్కడ రేకులు దింపి, గదిలా చేసి అద్దెకిద్దామన్నారు. నెలనెలా నాలుగు డబ్బులొస్తాయంటే కాదనడం కష్టమే. కానీ ఆ ఏడే మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు ముదిరాయి. గుడికెళ్ళడం మానేశారు, వీధి గుమ్మంలోకి రావడం మానేశారు. పొద్దస్తమానం మంచం, ఎదురుగా గోడ. పల్లెటూళ్ళో పెద్ద వాకిట్లో తిరిగిన మనిషి. "ఆకాశం చూసి ఎన్నాళ్ళయిందే అమ్మాయ్" అన్నారొకనాడు.

ఆ ఖాళీ కూడా మూసేస్తే ఆవిడకిక మిగిలేది నాలుగు గోడలే. నాకు మాత్రం? వంటింట్లోంచి బయటికొస్తే గాలాడే చోటు అదొక్కటే. అదే మావారితో అన్నాను. "గదికి పెట్టే డబ్బులో మూడోవంతు నాకివ్వండి. అత్తయ్యగారికీ నాకూ కూచునే చోటు చేయించుకుంటాను. పైగా ఇంటి చుట్టూ వదలాల్సిన జాగాలో గది కడితే రేపు మున్సిపాలిటీ వాళ్ళొచ్చి తీసేయమంటే ఏం చేస్తాం?" అన్నాను. రెండు రోజులు ఆలోచించి సరేనన్నారు. అలా తయారైంది మా పెరటి అరుగు. మీలోనూ చాలామందికి ఇంటి వెనకో పక్కనో ఇంత జాగా ఉండే ఉంటుంది. అందుకే అన్నీ వివరంగా చెబుతున్నాను.

ముందు ఎండ లెక్క

మేస్త్రీని పిలవడానికి ముందు ఒక ఆదివారం కేటాయించండి. పొద్దున 8 గంటలకు, మధ్యాహ్నం 12కి, 3కి, సాయంత్రం 5కి ఎండ ఎక్కడిదాకా వస్తుందో సుద్దముక్కతో గీతలు గీయండి. తూర్పు పెరడైతే ఉదయమంతా ఎండ, మధ్యాహ్నం దాటాక ఇంటి నీడ. సాయంత్రాలు కూచోడానికి ఇంతకన్నా హాయి లేదు. పడమటివైపైతే పొద్దుగూకేదాకా ఎండ కొడుతుంది. అక్కడ పందిరో, గ్రీన్ నెట్టో తప్పదు. ఉత్తరంవైపు చలికాలంలో ఎండ దాదాపు రాదు. అక్కడ మల్లె పెట్టి పూయలేదని బాధపడితే లాభంలేదు. మొక్క కొన్నాక చోటు వెతకడం కాదు, చోటును బట్టి మొక్కను కొనాలి.

రాయి, వాలు, ఎత్తు

నేలకు జానెడు లోతు మట్టి తీయించి, దిమ్మిసతో కొట్టించి, ఇటుక ముక్కలు, ఇసుక పరిపించి, పైన నాపరాళ్ళు వేయించాను. బేతంచర్ల, తాండూరు రాళ్ళు మన దగ్గర తేలిగ్గానే దొరుకుతాయి. పాలిష్ పట్టినవి చూడ్డానికి బాగుంటాయి గానీ తడిస్తే జారతాయి. పెద్దవాళ్ళున్న ఇంట్లో గరుకు రాయే మేలు. నల్లటి కడప రాయి ఎండకు బాగా వేడెక్కుతుంది. చెప్పుల్లేకుండా తిరిగే చోట అది వద్దు.

అన్నిటికన్నా ముఖ్యం వాలు. కొత్త నేల వంటింటి నేలకన్నా కనీసం 6 అంగుళాలు దిగువన ఉండాలి. ఇంటి గోడవైపు నుంచి ప్రహరీవైపు అడుగుకు పావంగుళం చొప్పున వాలివ్వాలి. లేదంటే వాననీళ్ళు గోడ మొదట్లో నిలిచి లోపల చెమ్మ ఎక్కుతుంది. మేస్త్రీ వెళ్ళకముందే గోడవైపు నుంచి రెండు బకెట్ల నీళ్ళు గుమ్మరించి చూడండి. ఎక్కడా మడుగు కట్టకుండా వెళితేనే డబ్బు లెక్క తేల్చండి. ప్రహరీ వెంబడి అడుగు వెడల్పున మట్టిని అలాగే వదిలేయించాను. నీళ్ళు అక్కడ ఇంకుతాయి. సన్నజాజి తీగ ఆ నేలలోనే పెరుగుతోంది.

ఇంటి గోడకు ఆనించి ఇటుకలతో అరుగు కట్టించి పైన ఒకే బండ వేయించాను. ఎత్తు 18 అంగుళాలు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మరీ కిందికి వంగి కూచోలేరు, లేవలేరు. వంటింటి మెట్టు పక్కన గోడకు ఓ ఇనుప గొట్టం పట్టుకునేందుకు బిగించాం. ఖర్చు కొద్దే గానీ, అత్తయ్యగారు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బయటికొచ్చేది దాని ఆసరాతోనే.

కుండీల సంగతి

మట్టి కుండీ గాలి పీలుస్తుంది. వేరు చల్లగా ఉంటుంది. కాకపోతే తొందరగా ఆరిపోతుంది కాబట్టి వేసవిలో రెండుపూటలా నీళ్ళు పోయాలి. ప్లాస్టిక్ కుండీ తేలిక, చవక. తడి ఎక్కువసేపు నిలుస్తుంది. వేలు పెట్టి చూసి, పైమట్టి అంగుళం మేర పొడిగా ఉంటేనే నీళ్ళు పోయండి. సిమెంటు తొట్టి ఒకసారి పెడితే కదలదు. పెద్ద మొక్కలకే అది. తులసికి, కనకాంబరానికి 10 అంగుళాల కుండీ చాలు. మల్లె, మందారం, నందివర్ధనాలకు 14 నుంచి 16, కరివేపాకుకు 18 అంగుళాలది కావాలి. రంగుల డబ్బాలు, పగిలిన బకెట్లు కూడా పనికొస్తాయి. బాగా కడిగి, అడుగున నాలుగు చిల్లులు పెడితే సరి. చిల్లు మీద కుండపెంకు బోర్లించండి. కుండీ కింద రెండు ఇటుక ముక్కలు పెడితే నీళ్ళు సాఫీగా పోతాయి, బండ మీద మరకలు పడవు.

మా వైపు నల్లరేగడి ఎక్కువ. అది ఒక్కటే కుండీలో వేస్తే తడిసినప్పుడు బంకలా, ఎండినప్పుడు రాయిలా అవుతుంది. ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు, గుప్పెడు వేపపిండి కలపండి. పచ్చి పేడ మాత్రం వేయొద్దు, వేళ్ళు మాడిపోతాయి.

ఏ మొక్క ఎక్కడ?

తూర్పుగోదావరి జిల్లా కడియం నర్సరీల మొక్కలు ఇప్పుడు ఎన్నో ఊళ్ళకు వస్తున్నాయి. కొనేటప్పుడు పూలు చూసి మురిసిపోకండి. కొత్త చిగుళ్ళున్నాయా, ఆకు అడుగున పురుగుందా చూడండి. ఎండ ఎక్కువసేపు ఉండే చోట మల్లె, మందారం, తులసి పెట్టండి. మల్లెకు చలికాలంలో నీళ్ళు తగ్గించి, జనవరిలో కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, ఎరువు వేసి నీళ్ళు పెడితే వేసవికి విరగబూస్తుంది. కాస్త ఎండా కాస్త నీడా ఉంటే కనకాంబరం, పుదీనా, వామాకు. నీడపట్టున మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్, ఫెర్న్‌లు బాగుంటాయి.

పసిపిల్లలున్నవాళ్ళు రెండు మొక్కల విషయంలో జాగ్రత్త. గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. ఆకుల మీద తెల్ల మచ్చలుండే డిఫెన్‌బాకియా నమిలితే నోరు, నాలుక వాస్తాయి. అవి పిల్లలకందే చోట వద్దు.

కుండీ కింద పళ్ళెం పెడితే వారానికి ఒకసారైనా నీళ్ళు పారబోసి, రుద్ది కడగండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీటిలోనే. గుడ్డు దోమ కావడానికి పది రోజులు కూడా అక్కర్లేదు. మందారానికి పిండినల్లి పడితే లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రంపూట చల్లితే తగ్గుముఖం పడుతుంది.

అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళకు బాల్కనీయే పెరడు. తడిసిన మట్టి చాలా బరువు. బరువు కుండీలు గోడ పక్కగా పెట్టుకోండి, రెయిలింగు బయటికి వేలాడదీయకండి. ఓ పీట, ఓ తులసి, ఓ మనీప్లాంట్ ఉన్నా చాలు.

అద్దె డబ్బులు రాకపోయినా మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు. అత్తయ్యగారు పొద్దున్నే కాఫీగ్లాసుతో అక్కడికి చేరతారు. మొక్కలకు నీళ్ళు పోసే పని పూర్తిగా ఆవిడదే. పూలు కట్టి పక్కింటివాళ్ళకు పంపుతారు, వాళ్ళు తీరిగ్గా వచ్చి కూచుంటారు. ఆవిడ మోకాళ్ళ నొప్పులు పోలేదు. మంచం మీద ఉండే గంటలు మాత్రం తగ్గాయి. సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా నాకూ అక్కడే మకాం. ఆ గంటలో ఎవరికి ఏం కావాలన్నా వాళ్ళే లేచి తెచ్చుకోవాలి!

మీరూ మొదలుపెట్టండి. ముందుగా డబ్బు అక్కర్లేదు. అక్కడున్న పాత సామాను తీసేసి, ఊడ్చి, నీళ్ళు చల్లి ఓ కుర్చీ వేసుకోండి. మొక్కలు ఒకటొకటిగా వస్తాయి. ఇంట్లో అందరికీ తలో చోటూ ఉంది. మనకూ ఒకటుండాలి కదా!