గుడారానికి ముందు పిట్టగోడ

మోషే మరణించాడు. నలభై ఏళ్ల అరణ్యవాసం ముగింపుకొచ్చింది. ఎదురుగా యొర్దాను నది, అవతలి ఒడ్డున వాగ్దాన దేశం. తాను తోడుగా ఉంటానని దేవుడే యెహోషువకు మాట ఇచ్చాడు. అంతటి మాట పొందిన నాయకుడు జనానికి పంపిన మొదటి కబురు ఏమిటి? మూడు రోజుల్లో నది దాటబోతున్నాం, భోజనం సిద్ధం చేసుకోండి అని (యెహోషువ 1:11). ఇక్కడ ఒక సంగతిని మనం చదువుతూనే దాటేస్తుంటాం. అప్పటికి మన్నా ఇంకా ఆగిపోలేదు. అది ఆగింది నది దాటిన తర్వాత, కనాను పంట తిన్న మర్నాడు (యెహోషువ 5:12). ఆకాశం నుంచి ఆహారం కురుస్తున్న రోజుల్లోనే ఆ విశ్వాసవీరుడు మూటలు కట్టుకోమన్నాడు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మన సంఘాల్లో యౌవనస్థుల రిట్రీట్లు నాలుగు గోడల మధ్య నుంచి బయటికొస్తున్నాయి. ఒకప్పుడు సెలవుల్లో ఏ స్కూలు భవనమో అడిగి తీసుకుని, చాపలు పరుచుకుని మూడు రోజులు కూడికలు పెట్టుకునేవాళ్లం. ఇప్పటి పిల్లలు నది కావాలంటున్నారు. నాగాయలంక దాకా బస్సులో వెళ్లి, అక్కడి నుంచి తెడ్లు వేసుకుంటూ మడ అడవుల పాయల్లో తిరిగి, రాత్రి గుడారంలో పడుకుని, తెల్లవారుజామున హంసలదీవి దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట ప్రార్థన చేసుకోవాలని వాళ్ల ఆశ. మంచి ఆశే. మన ప్రభువు కూడా పడవలో కూర్చుని బోధించాడు, ఒడ్డున నిప్పులు రాజేసి శిష్యులకు చేపలు కాల్చిపెట్టాడు. మా అభ్యంతరమల్లా ఇలాంటి ప్రయాణాల ముందు వినిపించే ఒక్క మాట మీదే. "ప్రార్థన చేసుకుని బయల్దేరదాం, దేవుడే చూసుకుంటాడు."

డెల్టా క్రైస్తవులకు పడవా గుడారమూ కొత్త కాదు. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ దొరలు బందరు చేరారు. నోబుల్ గారు పట్నంలో బడి పట్టుకుని ఉండిపోతే, ఫాక్స్ గారు ఊరూరా తిరిగే పరిచర్యను ఎన్నుకున్నారు. ఆరోగ్యం చెడి 1848లో, 31 ఏళ్లకే కన్నుమూశారు. తర్వాత బెజవాడ ఆనకట్ట లేచి, కాలువలు తవ్వాక అవి పొలాలకు నీళ్లతో పాటు పడవలకు దారీ ఇచ్చాయి. రోడ్లు లేని లంక గ్రామాలకు సువార్త నీటి దారిన కూడా వెళ్లింది. అందుకే మన పిల్లలు తెడ్డు పట్టుకుంటామంటే వద్దనడానికి మనసొప్పదు. ఎలా పట్టుకోవాలో చెప్పడం పెద్దల బాధ్యత.

ధర్మశాస్త్రంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టుకుంటే దాని మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి, ఎవరైనా పైనుంచి పడితే ఆ రక్తదోషం ఇంటి మీదికి వస్తుంది (ద్వితీయోపదేశకాండము 22:8). దీని మీద ప్రసంగాలు అరుదుగా వింటాం. దేవుడు ఇక్కడ పడినవాణ్ణి అజాగ్రత్తపరుడని నిందించలేదు, పిలిచినవాణ్ణి అడిగాడు. సంఘం పేరు మీద పాతికమంది పిల్లల్ని నీళ్ల మీదికి తీసుకెళ్లే పాస్టరుగారు, యూత్ లీడరు ఆ మిద్దె యజమానులు. పడవకు పిట్టగోడ లైఫ్ జాకెట్.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 2017 నవంబరు 12న, ఆదివారం సాయంత్రం, విజయవాడ పక్కనే ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవాళ్లు. పడవలో పట్టాల్సినవారి కంటే ఎక్కువమందిని ఎక్కించారు, చాలామంది ఒంటి మీద జాకెట్ లేదు. రెండేళ్లు తిరగకుండానే 2019 సెప్టెంబరు 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర వరద ఉధృతిలో పర్యాటకుల బోటు మునిగింది. అక్కడ జాకెట్లు వేసుకున్నవారిలో పలువురు తేలుతూ ఉండగా కచ్చులూరు గ్రామస్థులు పడవలేసుకుని వెళ్లి ఒడ్డుకు చేర్చారు. ఆ రెండు పడవల్లోనూ దేవుణ్ణి తలచుకున్నవాళ్లు ఉండే ఉంటారు. నీళ్లకు అది తెలియదు.

దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు పట్టుకుంటారని కీర్తన చూపించి మరీ చెప్పింది ఎవరో మనకు తెలుసు (మత్తయి 4:5-7). జాకెట్ వేసుకోకుండా వాగ్దానం చదవడం ఆ స్వరానికి దగ్గరగా ఉంటుంది.

సిద్ధపాటులో మొదటిది కాలం. పౌలు రోమాకు వెళ్లే ఓడలో ఇదే గొడవ వచ్చింది. ఉపవాసదినం దాటిపోయింది, ఇక సముద్ర ప్రయాణం అపాయమని ఆయన హెచ్చరించాడు. శతాధిపతి మాత్రం ఖైదీ మాట కంటే ఓడ యజమాని మాట నమ్మాడు (అపొ. కార్యములు 27:9-11). రానుపోను ఖర్చులు అయిపోయాయి, బస్సు మాట్లాడేశాం, అడ్వాన్సు తిరిగి రాదు అనేవాళ్లు ప్రతి సంఘంలో ఉంటారు. వాళ్లే ఆ ఓడ యజమాని. మన తీరానికి నవంబరు ఏమిటో చరిత్ర చెబుతుంది. 1864 నవంబరు 1 రాత్రి బందరును సముద్రం ముంచెత్తి ముప్పై వేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారమే పదివేల మంది దాకా చనిపోయారు. ఆ రోజు పోయినవారిలో మన సంఘాలవారూ ఉన్నారు, ఇప్పటికీ నవంబరు వచ్చిందంటే నాగాయలంక వైపు పెద్దలు ఆకాశం చూస్తారు. అంటే అక్టోబరు, నవంబరు, డిసెంబరు మొదటి రోజులు తుఫాన్లవి. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరదలవి. ఏప్రిల్, మే నెలల్లో వడగాలి. మిగిలేది జనవరి, ఫిబ్రవరి. అప్పుడు కూడా పొద్దున్నే మంచు కమ్మేస్తుంది, ఎండ పొడ కనిపించేదాకా పడవ విప్పకూడదు.

వరద మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క గుర్తుపెట్టుకుందాం. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో అది 11.43 లక్షలు దాటింది. ఎగువన ఉండాల్సిన బరువైన పడవలు ప్రవాహంలో కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్లను గుద్దిన దృశ్యం మనమంతా చూశాం. ఇనుప పడవల గతే అదైతే, తెడ్డు పడవ సంగతి చెప్పాలా? మొదటి హెచ్చరిక ఉన్నప్పుడు దిగువన ఏ పాయలోనూ దిగకూడదు, అంతే.

రెండోది పోటూ పాటూ. విజయవాడ అపార్ట్‌మెంట్లలో పెరిగిన పిల్లలకు నది అంటే ఒకవైపే పారేది. నాగాయలంక దాటాక అది రెండువైపులా పారుతుంది. దాదాపు ఆరు గంటలు సముద్రం నీటిని పైకి తోస్తుంది, ఆరు గంటలు వెనక్కి లాక్కుంటుంది. ఈ వేళలు రోజుకు ముప్పావు గంటకు పైగా వెనక్కి జరుగుతాయి. పౌర్ణమికి, అమావాస్యకు లాగుడు మరీ బలంగా ఉంటుంది. కొత్తగా తెడ్డు పట్టినవాళ్లు గంటకు మూడు, నాలుగు కిలోమీటర్లు వెళ్తే గొప్ప. ఎదురు నీటిలో అదీ ఉండదు. శిష్యుల్లో చేపలు పట్టేవాళ్లున్నా ఎదురుగాలికి రాత్రంతా తెడ్లు వేసి అలసిపోయారని మార్కు రాశాడు (6:48). మన ఇంటర్ పిల్లల సంగతి ఏమిటి? కాబట్టి పాటుతో దిగి, పోటుతో తిరిగి రావాలి. ఏ రోజు ఎన్ని గంటలకన్నది అక్కడి మత్స్యకారుల్ని అడగాలి. వాళ్లు చదువుకోకపోవచ్చు, ఆ పాయ మీద మన డిగ్రీలకంటే వాళ్ల మాట పెద్దది. వద్దంటే తిరిగి వచ్చేయాలి.

ఎదురుమొండి లాంటి దీవుల వాళ్లు పంటు మీద రేవు దాటడం రోజూ చేసే పనే అయినా గాలి చూసి కదులుతారు.

తెడ్డు పడవల వెంట ఇంజన్ పడవ ఒకటి, స్థానికుడైన సరంగుతో తప్పక ఉండాలి. ప్రభువు తుఫానులో చిక్కుకున్న రోజున కూడా ఆయన పడవ వెంట వేరే పడవలున్నాయి (మార్కు 4:36). అదే వచనాల్లో ఆయన తల కింద తలగడ ఉందని కూడా రాసి ఉంది. ఆ తలగడ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని తెచ్చిందే కదా.

జాకెట్ల విషయంలో మొహమాటం పనికిరాదు. తలకొకటి, కొలతకు తగ్గది, బకిళ్లన్నీ బిగించి. పెద్దవాళ్ల జాకెట్ చిన్నపిల్లకు వేస్తే నీళ్లలో అది పైకి లేస్తుంది, పిల్ల కిందికి జారుతుంది. ఫొటో కోసం విప్పడం, కూర్చోవడానికి కింద వేసుకోవడం కనిపిస్తే ఆ పడవను వెంటనే ఒడ్డుకు మళ్లించాలి. బయల్దేరే ముందు నడుము లోతు నీళ్లలో అందరినీ దింపి తేలించి చూడాలి. ఈత వచ్చినవాళ్లకు మినహాయింపు ఇవ్వొద్దు. మునిగేవాణ్ణి పట్టుకోబోయి ఈతగాడు పోయిన వార్తలు మనం ఏటా చదువుతూనే ఉన్నాం. చీరలు, పొడవాటి చున్నీలు, జీన్సు ప్యాంట్లు తడిస్తే బరువు. మడ చెట్ల వేళ్లకు అంటుకున్న ఆల్చిప్పలు బ్లేడులా కోస్తాయి, కాలికి గట్టిగా పట్టుండే చెప్పులు కావాలి.

తాగునీరు దిగువన దొరుకుతుందని అనుకోకూడదు, అక్కడ చుట్టూ నీళ్లే గానీ అన్నీ ఉప్పన. తలకు రోజుకు నాలుగు లీటర్లు తాగడానికే కావాలి. ఇరవై మంది, మూడు రోజులు అంటే 240 లీటర్లు, ఇరవై లీటర్ల టిన్నులు పన్నెండు. వంటకు వేరే. గోపురం కట్టే ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోమన్న ప్రభువు మాట (లూకా 14:28) విరాళాల సభల్లో ఎక్కువగా వాడుతుంటాం. ఈ టిన్నుల లెక్కకూ అది పనికొస్తుంది. భోజనం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, మన అక్కచెల్లెళ్లు పులిహోర, పచ్చళ్లు, చెగోడీలు చూసుకుంటారు.

పాము గురించి మాత్రం చెప్పాలి. మెలితే దీవిలో పౌలు పుల్లలేరుతుంటే చేతిని పాము పట్టుకుంది (అపొ. కార్యములు 28:3). ఆయనకు హాని జరగలేదు నిజమే. 2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగి అవనిగడ్డ ఆసుపత్రికి జనం వరస కట్టారు. అందులో బతికినవాళ్లు సమయానికి విరుగుడు ఇంజెక్షన్ పడ్డవాళ్లు. కట్లపాము నేల మీద నిద్రపోతున్నవాళ్లను రాత్రిపూట కరుస్తుంది, కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు. గుడారం అడుగు మూసి ఉండాలి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపాలి, రాత్రి టార్చి లేకుండా అడుగు వేయకూడదు. కాటు పడితే కోయొద్దు, నోటితో పీల్చొద్దు, గట్టిగా తాడు కట్టొద్దు. కరిచిన చేయో కాలో కదలకుండా ఉంచి 108కి చెప్పి ఆసుపత్రికి పరుగు తీయాలి. ప్రార్థన దారిలో చేయొచ్చు.

ఇక బస. మడ అడవుల ప్రాంతం చాలావరకు కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం కిందికి వస్తుంది. అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం, రాత్రి ఉండడం చట్టవిరుద్ధం. దేవుని పని మీద వచ్చామంటే చట్టం పక్కకు తప్పుకోదు, తప్పుకోకూడదు కూడా. ఒడ్డున ఉన్న గ్రామంలో సంఘపెద్దల్ని ముందుగా అడిగి, చర్చి ఆవరణలో గుడారాలు వేసుకుంటే అందరికీ క్షేమం. ఆ ఊరి విశ్వాసులతో కలిసి ఆరాధించే అవకాశమూ దక్కుతుంది. మూడు రోజుల్లో పిల్లలకు ఎక్కువ కాలం గుర్తుండేది బహుశా అదే.

ఇశ్రాయేలు దండులో ప్రతివాడూ ఆయుధాలతో పాటు నేల తవ్వే పనిముట్టు ఒకటి దగ్గర ఉంచుకోవాలి, పాళెం బయటికి వెళ్లి గుంట తీసి కప్పేయాలి అని ఉంది (ద్వితీయోపదేశకాండము 23:12-14). పాళెంలో దేవుడు సంచరిస్తున్నాడు కాబట్టి అని కారణం కూడా చెప్పాడు. ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఏర్పాటు లేని చోట బస పెట్టడం ఆధ్యాత్మికత కాదు. చలికాలం చివర ఆ తీరానికి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇసుకలో క్యాంప్ ఫైర్లు, పెద్ద లైట్లు, స్పీకర్లు అక్కడ వద్దు. అయిదు వేల మందికి భోజనం పెట్టిన ప్రభువు మిగిలిన ముక్కలు పోగుచేయించాడు. మన ప్లాస్టిక్ గ్లాసులు మడ వేళ్లలో చిక్కుకుంటే ఏరేవాళ్లెవరూ రారు, సంచిలో వెనక్కి తేవాలి.

పౌలు ఓడలో ఉన్నవాళ్ల సంఖ్యను లూకా రాసిపెట్టాడు, 276 మంది అని (27:37). ఎవరూ చావరని దేవదూత చెప్పాక కూడా, నావికులు చిన్న పడవ దింపుకుని పారిపోబోతే పౌలు ఊరుకోలేదు, వీళ్లు ఓడలో ఉండకపోతే మీరు తప్పించుకోలేరని శతాధిపతికి చెప్పాడు (27:31). లెక్క పెట్టడం, కాపలా కాయడం ఆయనకు అవిశ్వాసం అనిపించలేదు.

కాబట్టి బయల్దేరే రోజు ఒక కాగితం మీద అందరి పేర్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, రక్తం గ్రూపు, వాడుతున్న మందులు రాయాలి. తల్లిదండ్రుల సంతకాలు తీసుకోవాలి. ఏ రేవు నుంచి ఎన్ని గంటలకు దిగుతున్నారు, ఏ గంటకు తిరిగి వస్తారు అన్నది అందులోనే ఉండాలి. ఒక ప్రతి పాస్టరుగారి దగ్గర, ఒకటి రేవులో తెలిసినవారి దగ్గర. పాయల్లో ఫోన్ సిగ్నల్ అందకపోవచ్చు, అందుకే ఆ గంట దాటాక ఎంతసేపు చూసి 112కు ఫోన్ చేయాలో రేవులో ఉన్నవారికి ముందే చెప్పాలి. పడవ ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి పేరు పిలిచి లెక్క చూడాలి. స్తుతి ప్రార్థన ఆ రెండో లెక్క సరిపోయాక మొదలుపెడదాం.