బొగ్గు శుద్ధిలో సాంద్రతపై నిఘా

ధన్‌బాద్ ప్రాంతపు ఝరియా బొగ్గు, గోదావరి లోయలోని సింగరేణి బొగ్గు రెండూ గోండ్వానా శిలాశ్రేణికి చెందినవే. ఆ శ్రేణి ఏర్పడిన కాలంలో వృక్షపదార్థంతోపాటు మట్టి, ఇసుక కూడా కలిసి పేరుకున్నందున ఈ బొగ్గులో ఖనిజాంశం పొరపొరలోనూ కలగలిసిపోయింది. కాబట్టి ఉక్కు తయారీకి వాడే ఝరియా బొగ్గును వాషరీలలో శుద్ధి చేయడం సులభమైన పని కాదు.

శుద్ధికి ఆధారం సాంద్రత, అంటే నిర్దిష్ట ఘనపరిమాణంలో ఉండే ద్రవ్యరాశి. మేలైన బొగ్గు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.3 గ్రాములు కాగా, దానితో వచ్చే రాతిది 2 గ్రాములకు పైమాటే. అందువల్ల మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజాన్ని మెత్తగా పొడిచేసి నీటిలో కలిపి, ఈ రెంటికీ నడుమ సాంద్రత గల ద్రవాన్ని తయారుచేస్తే, అందులో బొగ్గు తేలి రాయి మునుగుతుంది. అయితే మన బొగ్గులో చాలా ముక్కలు సగం బొగ్గు, సగం రాయిగా ఉండి ఆ ద్రవపు సాంద్రతకు దగ్గరగానే ఉంటాయి. ద్రవం కాస్త పలచబడితే పనికొచ్చే బొగ్గు రాతిగుట్టకు పోతుంది, కాస్త చిక్కబడితే రాయి బొగ్గులో చేరి బూడిద శాతం పెరుగుతుంది.

తడి బొగ్గు తెచ్చే నీరు, జల్లెడల వద్ద కొట్టుకుపోయే మాగ్నెటైట్ కారణంగా ఈ సాంద్రత క్షణక్షణం మారుతుంది. లీటరు డబ్బాతో ద్రవాన్ని పట్టి త్రాసుకు తగిలించే పాత పద్ధతి ఆ ఒక్క క్షణపు సంగతే చెబుతుంది, రెండు తూకాల మధ్య జరిగిన నష్టం కనబడదు. దీనికి విరుగుడుగా ద్రవం పారే గొట్టానికి ఒకవైపు గామా కిరణాలను వెలువరించే రేడియోధార్మిక సీసియం-137ను, ఎదురుగా వాటిని పసిగట్టే గ్రాహకాన్ని అమర్చుతారు. ద్రవం చిక్కబడినకొద్దీ ఆవలికి చేరే గామా కిరణాలు తగ్గుతాయి కనుక, ఆ తగ్గుదలను బట్టి సాంద్రతను లెక్కగట్టిన యంత్రం నీటి వాల్వును తానే తిప్పుతుంది. సీసియం తీవ్రత దాదాపు 30 ఏళ్లకు సగానికి పడిపోతుంది కాబట్టి ఆ క్షీణతను కూడా లెక్కలో కలుపుకోవాలి. దేశంలో ఇటువంటి పరికరాల వినియోగం అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షణలో సాగుతుంది. రేడియోధార్మికత వద్దనుకునేచోట నిర్ణీత ఎత్తు తేడాతో రెండు పీడన గ్రాహకాలను అమర్చి, వాటి మధ్య ఒత్తిడి వ్యత్యాసం నుంచి సాంద్రతను రాబడతారు.

ఏ పరికరమూ పూర్తిగా నమ్మదగినది కాదు. గాలి బుడగలు కలిస్తే గామా పరికరం ద్రవాన్ని ఉన్నదానికంటే పలచగా చూపుతుంది, గొట్టపు గోడ అరిగినా అదే జరుగుతుంది. ఆ తప్పుడు అంకెను నమ్మి యంత్రం నీటిని తగ్గిస్తే ద్రవం అవసరానికి మించి చిక్కబడుతుంది. అందుకే అత్యాధునిక వాషరీలలో సైతం పాత లీటరు డబ్బా తూకంతో పరికరపు అంకెను తరచూ సరిచూసుకోవడం తప్పనిసరి.