ఎదుగుదలకు మితమే మూలం

పసిబిడ్డ నిలువెత్తు మనిషిగా ఎదగడానికి పుష్టికరమైన ఆహారం ఒక్కటే చాలదు. శరీరంలోని వినాళ గ్రంథులు పరస్పర సమన్వయంతో పనిచేయాలి. వాటిలో పీయూష గ్రంథి మెదడు అడుగుభాగంలో బఠానీ గింజంత పరిమాణంలో ఉండి పెరుగుదల హార్మోనును స్రవిస్తుంది. అధివృక్క గ్రంథులు మూత్రపిండాలపై టోపీల వలె అమరి ఉంటాయి. వాటి వెలుపలి భాగమైన వల్కలంలో కార్టిసాల్ అనే స్టెరాయిడ్ హార్మోను తయారవుతుంది.

పీయూష గ్రంథి పగ్గాలు హైపోథలామస్ చేతిలో ఉంటాయి. అది ఒక హార్మోనుతో పెరుగుదల హార్మోను స్రావాన్ని ప్రేరేపిస్తుంది. సొమాటోస్టాటిన్ అనే మరొక హార్మోనుతో అదుపు చేస్తుంది. రాత్రి తొలిజాములోని గాఢనిద్రలో ఈ స్రావం అధికం. ఎముకల చివరనున్న మృదులాస్థి దీని ప్రభావం వల్లనే వృద్ధి చెందుతుంది.

కార్టిసాల్ పాత్ర విచిత్రమైనది. పెరుగుదల హార్మోను ఉత్పత్తికి అది తగుమాత్రంలో అవసరం. స్టెరాయిడ్‌ను ఒక్కసారి ఇచ్చినప్పుడు కొన్ని గంటలపాటు పెరుగుదల హార్మోను హెచ్చి, ఆపై తగ్గుతుంది. నెలల తరబడి కార్టిసాల్ మితిమీరితే సొమాటోస్టాటిన్ ప్రాబల్యం పెరిగి, పెరుగుదల హార్మోను స్రావం క్షీణిస్తుంది. మృదులాస్థి కణాల విభజన సైతం నేరుగా కుంటుపడుతుంది. అందువల్లనే కుషింగ్ వ్యాధి సోకిన పిల్లలు లావెక్కుతారే కాని పొడవు పెరగరు. హార్వే కుషింగ్ ఈ వ్యాధిని 1932లో విశదీకరించాడు.

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్లవాతంతో బాధపడుతున్న రోగికి కార్టిసోన్‌ను తొలిసారిగా ఇచ్చారు. ఈ హార్మోన్లపై చేసిన పరిశోధనలకు కెండాల్, రైక్‌స్టీన్, హెంచ్‌లకు 1950లో నోబెల్ బహుమతి లభించింది. ఎందరికో ఊరటనిచ్చిన ఈ ఔషధాలను దీర్ఘకాలం వాడిన పిల్లలలో మాత్రం ఎదుగుదల మందగించింది.

అంతమాత్రాన స్టెరాయిడ్లను శత్రువులుగా భావించరాదు. తీవ్రమైన ఉబ్బసంలో అవే ప్రాణరక్షకాలు. అదుపులో లేని ఉబ్బసం కూడా ఎదుగుదలకు ఆటంకమే. కనుక వైద్యులు వీలైనంత తక్కువ మోతాదును, సాధ్యమైతే పీల్చే మందు రూపంలో ఇస్తూ, బిడ్డ ఎత్తును క్రమం తప్పక కొలుస్తారు. దీర్ఘకాలం వాడిన మందును భయంతో హఠాత్తుగా మానివేయడం మరింత ప్రమాదకరం. బయటి నుండి హార్మోను అందుతున్నంతకాలం అధివృక్క గ్రంథులు తమ పనిని తగ్గించుకొంటాయి. అవి తిరిగి మేల్కొనడానికి వ్యవధి కావాలి. వైద్యుని సలహా లేకుండా స్టెరాయిడ్ వాడడం ఎంత తప్పో, ఆపివేయడమూ అంతే తప్పు.

లోపించినా, మితిమీరినా హాని చేసేది తగుపాళ్లలో ఉన్నప్పుడే మేలు చేస్తుందని దేహం నేర్పే పాఠం.