కుండ గుర్తుంది, కుమ్మరి పేరు గుర్తుందా?

ఈ మధ్య పక్క కౌంటీలోని చరిత్ర సంఘం వాళ్లు సంప్రదాయ కుమ్మరులను సన్మానిస్తూ మధ్యాహ్నం విరాళాల విందు పెట్టారు. మన గుడి వాలంటీర్లం నలుగురం వెళ్లాం. శాకాహారమని ముందే చెప్పడంతో భోజనానికి ఇబ్బంది కాలేదు. "కుండల విందుకి మనమెందుకు?" అని కొందరు సభ్యులు అడిగారు. అందుకే ఈ నాలుగు మాటలు.

మన నార్త్ కరోలినాలోని కటాబా లోయ కుమ్మరానికి పేరున్న చోటు. అక్కడి బంకమట్టిని సారె మీద కుండగా చేసి, కట్టెల బూడిద, గాజు పొడి, మట్టి నీళ్లలో కలిపి పూత పూస్తారు. కొండవాలులో సగం పూడ్చి కట్టిన పొడవాటి ఆవంలో కట్టెలతో కాలుస్తారు. వేడి 1,200 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. ఆ వేడికి పూత కరిగి, గాజులా గట్టిపడి కుండకి అంటుకుంటుంది. ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో నిగనిగలాడుతుంది.

మన ఊరి మంచినీళ్ల కుండ వేరే రకం. తక్కువ వేడిలో కాలుతుంది కాబట్టి దానికి సన్నని రంధ్రాలు మిగులుతాయి. వాటిగుండా నీరు చెమర్చి ఆవిరవుతుంది. అందుకే లోపలి నీళ్లు చల్లబడతాయి. కానీ అందులో ఆవకాయ పెట్టం, నూనె పీల్చేస్తుంది. దానికి జాడీయే కావాలి. కటాబా కుమ్మరులు చేసినవి ఎక్కువగా అలాంటి జాడీలే. పాలు, ఊరగాయలు, పాకం అన్నీ వాటిలోనే నిలవ ఉంచుకునేవారు.

గాజు సీసాలు, రేకు డబ్బాలు వచ్చాక గిరాకీ పడిపోయింది. 1970ల నాటికి ఆ లోయలో పాత పద్ధతిని వదలకుండా పట్టుకున్నది దాదాపు బర్లన్ క్రెయిగ్ ఒక్కరే. ఆయనకు 1984లో నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ వచ్చింది. జానపద కళాకారులకు ఈ దేశం ఇచ్చే పెద్ద గౌరవం అది. 2002లో ఆయన పోయారు. అయితే ఆలోగా కొనేవాళ్లు, రాసిపెట్టేవాళ్లు, నేర్చుకునేవాళ్లు ఆయన దగ్గరికి రావడంతో విద్య మిగిలింది. ఇప్పటికీ అక్కడ ఆవాలు మండుతున్నాయి.

ఇలాంటి విందుల లెక్క సులువే. టికెట్ డబ్బులో భోజనం విలువ పోగా మిగిలింది విరాళం. పన్ను మినహాయింపుకి లెక్కలోకి వచ్చేది ఆ మిగిలిన భాగమే. మన గుడి విందులకూ ఇదే నియమం. ఈ విందులో వచ్చిన డబ్బుతో పాత జాడీలను భద్రపరుస్తారు, పెద్దవయసు కుమ్మరుల మాటలు రికార్డు చేస్తారు.

మా బల్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ, "మీ ఊళ్లో కుండలు ఎవరు చేసేవారు?" అని అడిగారు. మా నలుగురి ఇళ్లలోనూ పెళ్లికి ఐరేని కుండలు కుమ్మరి ఇంటి నుంచే తెచ్చారు. ఆ కుండల మీది సున్నం చారలు కూడా గుర్తున్నాయి. చేసినాయన పేరు మాత్రం ఒక్కరం కూడా చెప్పలేకపోయాం. అమెరికాలో కుమ్మరి పేరు జాడీ మీద ముద్రగా ఉంది. మన కుమ్మరి పేరు మనలో ఎవరి దగ్గరా లేదు.

ఈ సెలవుల్లో ఊరెళ్లే సభ్యులకు మా మనవి ఒకటే. మీ అమ్మానాన్నలనో, తాతయ్య అమ్మమ్మలనో అడగండి. ఆ కుమ్మరి ఇంటికి వెళ్లండి. పేరు, ఊరు, ఏ చెరువు మట్టి తెచ్చేవారో రాసుకోండి. వారు ఒప్పుకుంటే ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడించి రికార్డు చేయండి. తిరిగొచ్చాక మాకు ఇస్తే వాటన్నిటినీ ఒకచోట చేర్చి గుడి లైబ్రరీలో ఉంచుతాం.