నీళ్ళలో మందు జాడ తీసేదెలా?

నీళ్ళు తేటగా కనిపించినంత మాత్రాన శుభ్రమైనవని చెప్పలేం. ఉప్పు ఎక్కువైతే నాలుక పసిగడుతుంది. కిరోసిన్ కలిస్తే ముక్కు పసిగడుతుంది. కానీ లీటరు నీటిలో ఒక మైక్రోగ్రాము, అంటే గ్రాములో పది లక్షల వంతు, ఔషధమో పురుగుమందో కలిస్తే దాన్ని గుర్తించే ఇంద్రియం మనకు లేదు. 500 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, 4 మీటర్ల లోతు ఉన్న చెరువును ఊహించుకోండి. అందులో ఒక కిలో మందు కలిపితే లీటరుకు వచ్చేది ఒక మైక్రోగ్రామే. ఇంత స్వల్పమైన కర్బన రసాయనాన్ని కూడా పేరుపెట్టి గుర్తించి, ఎంత ఉందో చెప్పగల ప్రయోగశాలలు నేడు అనేక విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయి.

నీటి కాలుష్యాన్ని కొలవడానికి మామూలుగా చేసే పరీక్షల్లో 'రసాయనిక ఆక్సిజన్ అవసరం' ఒకటి. నీటిలోని పదార్థాలను పూర్తిగా ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో ఇది చెబుతుంది. సంతకు ఎంతమంది వచ్చారో లెక్క తెలుస్తుందే తప్ప, ఎవరెవరు వచ్చారో దీనివల్ల తెలియదు. చక్కెరకూ, యాంటీబయాటిక్‌కూ ఇక్కడ తేడా లేదు.

పటాన్‌చెరులో ఏం తేలింది?

ఈ తేడా ఎంత ముఖ్యమో హైదరాబాదు పక్కనున్న పటాన్‌చెరు ఉదంతం చూపింది. అక్కడ సుమారు 90 ఔషధ కర్మాగారాల నుండి వచ్చే వ్యర్థ జలాన్ని ఒక ఉమ్మడి కేంద్రంలో శుద్ధి చేసేవారు. శుద్ధి అయి బయటికి వచ్చిన నీటిని స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు 59 ఔషధాల కోసం పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో 11 మందులు లీటరుకు 100 మైక్రోగ్రాములకు మించి ఉన్నాయి. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ అయితే లీటరుకు 31,000 మైక్రోగ్రాముల దాకా, అంటే 31 మిల్లీగ్రాముల దాకా ఉంది!

16 లీటర్లు పట్టే బిందెను ఆ నీటితో నింపితే అందులో దాదాపు 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి ఉన్నట్లే. అంత మాత్ర మింగిన రోగి రక్తంలో లీటరుకు సుమారు 2 నుండి 3 మిల్లీగ్రాముల మందే ఉంటుంది. మొత్తం మీద రోజుకు 45 కిలోల సిప్రోఫ్లాక్సాసిన్ నీటిలో కలిసిపోతున్నదని వారు లెక్కగట్టారు. ఇది 90 వేల మాత్రలతో సమానం.

2009లో స్వీడన్‌కే చెందిన ఉమియో విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్రవేత్త జెర్కర్ ఫిక్, సహచరులు మరో నివేదిక ప్రచురించారు. ఆ ప్రాంతపు చెరువుల్లోనూ, ఆరు గ్రామాల బావుల్లోనూ ఔషధాలు ఉన్నట్లు అందులో తేలింది.

జాడ తీసే పద్ధతి

నమూనాను శుభ్రమైన గాజు సీసాలో పట్టి, ఐసులో ఉంచి ప్రయోగశాలకు తెస్తారు. ఎండ తగిలినా, వేడెక్కినా కొన్ని రసాయనాలు విచ్ఛిన్నమైపోతాయి. బావి నీళ్ళలో మందు బహు స్వల్పంగా ఉంటుంది కనుక ముందు దాన్ని చిక్కబరచాలి. ఇందుకోసం కర్బన పదార్థాలను పట్టి ఉంచే పొడి నింపిన చిన్న గొట్టం గుండా నీటిని పంపుతారు. నీరు దిగిపోతుంది, మందు పొడికి అంటుకొని మిగిలిపోతుంది. దాన్ని కొద్దిపాటి మిథనాల్ వంటి ద్రావణితో కడిగి తీస్తారు. అర లీటరు నీటిలోని మందు ఒక మిల్లీలీటరులోకి చేరితే గాఢత 500 రెట్లు పెరిగినట్లే.

తరువాతి పని క్రోమటోగ్రఫీది. దీని సూత్రాన్ని మీరు ఇంట్లోనే చూడవచ్చు. సుద్దముక్క మీద అడుగుకు కొంచెం పైగా నల్ల సిరా చుక్క పెట్టి, చుక్క తడవకుండా అడుగుభాగాన్ని నీళ్ళలో నిలబెట్టండి. నీరు పైకి పాకేకొద్దీ సిరాలోని రంగులు విడిపోతాయి. సుద్దను గట్టిగా పట్టుకొనే రంగు వెనకబడుతుంది, నీటితో చెలిమి ఎక్కువైన రంగు ముందుకు పోతుంది. ప్రయోగశాలలో సుద్దకు బదులు సన్నని స్తంభం, నీటికి బదులు ద్రావణి లేదా వాయువు ఉంటాయి. డి.డి.టి. లాంటి, వేడికి ఆవిరయ్యే పదార్థాలకు వాయు క్రోమటోగ్రఫీ సరిపోతుంది. సిప్రోఫ్లాక్సాసిన్‌ను వేడి చేస్తే ఆవిరయ్యే లోపే చెడిపోతుంది కాబట్టి దానికి ద్రవ క్రోమటోగ్రఫీ వాడతారు.

విడిపోయిన పదార్థాలు వరుసగా ద్రవ్యరాశి వర్ణపటమాపకంలోకి వెళతాయి. అక్కడ అణువులు అయాన్లుగా మారి, బరువును బట్టి వేరవుతాయి. ద్రావణంలోని సున్నితమైన అణువులను పగలగొట్టకుండా అయాన్లుగా మార్చే విద్యుత్ తుంపర పద్ధతిని అభివృద్ధి చేసినందుకు జాన్ ఫెన్‌కు 2002లో నోబెల్ బహుమతి దక్కింది. సిప్రోఫ్లాక్సాసిన్ అణుభారం సుమారు 331. ఒక ప్రోటాన్ చేరగానే 332 అవుతుంది. కానీ 332 బరువున్న అయాన్లు వేరే పదార్థాల నుండి కూడా రావచ్చు. అందుకే దాన్ని ఒక వాయువుతో ఢీకొట్టించి ముక్కలు చేస్తారు. ఒక నీటి అణువు ఊడితే 314, ఒక కార్బన్ డై ఆక్సైడ్ ఊడితే 288 మిగులుతాయి. స్తంభం నుండి బయటపడిన సమయం, అయాన్ బరువు, ముక్కల బరువులు, ఇవన్నీ శుద్ధమైన మందుతో సరిపోలితేనే పేరు ఖాయం చేస్తారు.

అంకెను నమ్మేదెలా?

మందు గొట్టంలో కొంత ఉండిపోవచ్చు. సీసా నుండే ఏదైనా కలవవచ్చు. అందుచేత ప్రతి విడతలోనూ శుద్ధమైన నీటిని కూడా నమూనాలాగే పరీక్షిస్తారు. అందులో మందు కనబడితే తప్పు ప్రయోగశాలలోనే ఉన్నట్లు. మరొక నమూనాకు తెలిసిన మోతాదులో మందు కలిపి, ఎంత తిరిగి వచ్చిందో చూస్తారు. 100 పాళ్ళు కలిపితే 70 పాళ్ళే దొరికాయనుకోండి, ఆ నష్టాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

నివేదికలో 'కనబడలేదు' అని ఉంటే 'లేదు' అని అర్థం కాదు. ఆ పరికరం పట్టగల కనీస పరిమాణం కంటే తక్కువగా ఉందని మాత్రమే. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. ఈ పద్ధతిలో దేనికోసం వెతికితే అదే దొరుకుతుంది. 59 మందుల జాబితాలో లేని 60వ మందు నీటిలో ఉన్నా నివేదికలోకి రాదు.

ఇక్కడ సమస్య మందు తాగేవారితోనే ఆగదు. యాంటీబయాటిక్ కలిసిన నీటిలో దాన్ని తట్టుకోగల బాక్టీరియా మాత్రమే బతికి పెరుగుతాయి. ఆ నిరోధక శక్తినిచ్చే జన్యువులు రోగకారక బాక్టీరియాకు చేరితే, రేపు జబ్బు చేసినవాడికి అదే మందు పనిచేయదు.

ఔషధ పరిశ్రమల వ్యర్థ జలంలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2020 జనవరిలో ముసాయిదా ప్రకటించింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది ప్రకటనలో ఆ పరిమితులు లేవు. చట్టం అడగని అంకెను కర్మాగారం తనంత తాను కొలిచి చెబుతుందా? అలాంటప్పుడు అడిగి, వెతికి, కొలిచేవారు బయట ఉండాలి. రసాయన శాస్త్రం చదువుతున్న మీలో కొందరు ఆ పనికి పూనుకుంటే, తమ బావిలో ఏముందని అడిగే ఊరివాళ్ళకు పేరుతో, అంకెతో జవాబు చెప్పగలుగుతారు.