కళాపూర్ణోదయము: చదువరుల చిక్కు

పదునాఱవ శతాబ్దమున పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయమును జదివినవారు రెండు తెగలు. కథాకల్పన యద్భుతమని మెచ్చువారు కొందఱు. మొదలేదో తుదియేదో తెలియదని విసుగువారు కొందఱు. నేనును పడుచుతనమున రెండవ తెగవాఁడనే. సగములో గ్రంథము మూసితిని.

గానమున తుంబురుని మించవలెనను పంతముతో నారదుఁడు విద్యకై తిరుగుచుండును. నడుమ మాఱురూపములు, శాపములు, సిద్ధులు. ఇంతకును మూలమేమన, బ్రహ్మ సరస్వతికి వినోదముగాఁ జెప్పిన కథయే లోకమున నిజమైనది! ఆ గుట్టు విప్పునది మధురలాలస యను పసిబిడ్డ.

1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారు కవిత్వతత్త్వవిచారమున నీ కథాసంవిధానమును కొనియాడిరి. సంప్రదాయ పండితులు కొందఱు వారి విమర్శపద్ధతి నొప్పుకొనలేదు. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గారలు దీని నాంగ్లమునకుఁ దెచ్చి, యిది నవలయే యనిరి.

అనకాపల్లిలో నేను సాయంకాలములందు దీనిని వినిపింపఁగా, బెల్లపు వర్తకుఁడొకఁడు “మాస్టారూ, కథ వెనక్కి నడుస్తోందేమిటండీ?” అనెను. అతఁడే, పసిబిడ్డ పలికిన ఘట్టము ముగిసినంతనే, “మళ్ళీ మొదటి నుంచి చదవండి” అని కోరెను. ఆ కోరికయే యీ గ్రంథమునకుఁ దాళపుచెవి. ముందు తెలియనిది వెనుకఁ దెలియునట్లు కవి కావలెననియే దాఁచెను.

కావున పాత్రల పేర్లొక కాగితముపై వ్రాసికొనుఁడు. ఎనిమిది యాశ్వాసములును ముగింపుఁడు. పిమ్మట మొదటికి రండు. చిక్కుపడిన నూలును ద్రెంచువాఁడు బట్ట నేయలేఁడు గదా!