స్నేహము దేహమునకు శత్రువా?

ప్రొద్దుటూరులోని నా వైద్యశాలకు జమ్మలమడుగు, పులివెందుల నుండియు రోగులు వత్తురు. ఇటీవల ఒక తల్లి, కొవ్వు భయముచే రెండేండ్ల బిడ్డకు సైతము నూనె, నేయి మాన్పించితినని చెప్పినది.

అమ్మలారా, మా శాస్త్రము స్నేహమని పిలుచు ఈ ద్రవ్యములు శత్రువులు కావు. ప్రతి కణపు పొరయందు భాస్వరముతో కూడిన కొవ్వు రెండు వరుసలుగా నిలుచును. అందిమిడిన మాంసకృత్తులు లవణములకు, చక్కెరకు ద్వారములు. చుట్టునున్న కొవ్వు తగినంత మెత్తగా ఉన్ననే అవి చక్కగా పనిచేయును. ఆ పొర ద్రవమువలె కదలునని 1972లో సింగర్, నికల్సన్‌లు వివరించిరి. భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ఫిస్కేతో కలసి ప్రకటించినవారు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. పొరల పరిశోధనకు అది ఎంతో ఉపకరించినది.

పొరకు వలసిన లినోలిక్ ఆమ్లమును దేహము తయారుచేసుకొనలేదు. మన వేరుసెనగ నూనెలో అది కలదు. బిడ్డలకు మాన్పవలదు, పెద్దలు మితముగా వాడవలెను. హృద్రోగులు తమ వైద్యుని మాట పాటింపవలెను.